తొమ్మిది మంది పనివాళ్లు, ఒక తమ్ముడు

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య నేను నడిపే ట్రాక్స్ జీపును మా అత్తగారి వాడలో అందరూ "మస్కట్ వేలు" అంటారు. ఆ పేరు పెట్టింది మా అత్త సుక్కమ్మే. మస్కట్‌లో ఇనుప చువ్వలు కోసే మిషన్ కింద నా ఎడమచేతి చూపుడువేలు పూర్తిగా, నడిమివేలు సగం పోయాయి. వాటికి కంపెనీ ఇచ్చిన పరిహారంతో కొన్న బండి అది. నేనేమీ నొచ్చుకోను. ఒకటిన్నర వేలిచ్చి జీపు తెచ్చుకున్నవాడు ఈ చుట్టుపక్కల ఇంకెవడూ లేడు. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి నేనే చెప్పుకుంటాను.

నా కడుపుమంటంతా మా తోడల్లుడు బాలేష్‌ను చూస్తేనే. అతను పోగొట్టుకున్నవి నిఖార్సయిన రెండు వేళ్లు, అదీ కుడిచేతివి. మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో మల్లేశం అనే ఆయన ఒక రేకుల షెడ్డు పెట్టాడు. సీలింగు ఫ్యాన్ల పైన మూసే రేకు గిన్నెలు అందులో తయారవుతాయి. వాటిని కొట్టే ప్రెస్సు ముందు, చెయ్యి లోపలికి పోకుండా ఒక జాలీ ఉండేదట. దానివల్ల పని నెమ్మదిస్తోందని ఊడదీసి గోడకు ఆనించారు. తొంభై ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చేసరికి ప్రెస్సు దానంతటదే దిగింది. నాకు జీపు వచ్చింది, బాలేష్‌కు ఆపిల్ పండ్లు వచ్చాయి.

మల్లేశం చెడ్డవాడైతే నాకు ఈ తిప్పలే ఉండేవి కావు. అత్వెల్లిలో రోడ్డు పక్కన పొలాలున్న ఇంటి మనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. నెత్తురు కారుతున్న బాలేష్‌ను తన సొంత మారుతి కారులో పడుకోబెట్టుకొని దవాఖానాకు తీసుకుపోయాడు. సీట్లు పాడయ్యాయని ఒక్కసారి కూడా అనలేదు. బిల్లు కట్టాడు, రోజూ ఆపిల్ పండ్లు తెచ్చాడు, మంచం పక్కన కూర్చొని పెరుగన్నం కలిపి తినిపించాడు. తగ్గాక ప్రెస్సు మీద పనికిరాడు కనుక గేటు దగ్గర వాచ్‌మెన్‌గా పెట్టుకున్నాడు, జీతం మాత్రం సగం చేశాడు. రోజూ పొద్దున కారు దిగుతూనే బాలేష్ చెయ్యి తన చేతిలోకి తీసుకొని, "ఎట్లుంది తమ్మీ, నొస్తాందా" అని అడిగేవాడు. బాలేష్‌కు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంటికొచ్చి పెళ్లాం అండాలుకు ఆ మాటలే మళ్లీ చెప్పేవాడు. ఆమె వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది.

ఈ "తమ్మీ" అన్నది ఉత్త పిలుపు కాదు, దాని వెనుక ఒక కథ ఉంది. పనివాళ్లు పది మందికి చేరితే ఈఎస్ఐ కట్టాలి. అందుకని మల్లేశం షెడ్డులో ఎప్పుడూ తొమ్మిది మందే పనివాళ్లు ఉండేవారు. ఎంత పని పెరిగినా తొమ్మిది మందే. లెక్క చూడటానికి ఆఫీసరు వచ్చి పదో మనిషిగా కనిపించిన బాలేష్‌ను చూపించి అడిగితే, "గాయన పనోడు కాదు సార్, నా తమ్ముడు. మేము పాలోళ్లం, ఇంటిపేరు చూడుండ్రి" అనేవాడు మల్లేశం. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, కులమూ ఒకటే. ఇంటిపేరు కలిస్తే పాలోళ్లమని, అన్నదమ్ములమని అనుకోవడం మాలో మామూలే. బాలేష్ వాళ్లది బౌరంపేట్, వీళ్లది అత్వెల్లి. ఏ తాత దగ్గర కలుస్తారో ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకలేదు కూడా. ఒకసారి ఆఫీసరు గుచ్చిగుచ్చి అడిగితే, "మా నాయినకు రెండో కొడుకు లెక్క సార్" అని కూడా అన్నాడు. బాలేష్ ఆ రోజు పొంగిపోయి ఇంటికి పావుకిలో జిలేబీ తెచ్చాడు. రెండో కొడుక్కి జీతం చీటీ ఉండదని, కార్డు ఉండదని, హాజరీ ఉండదని ఆలోచించడానికి జిలేబీ అడ్డమొచ్చింది.

నేను తొంభై ఎనిమిది మొదట్లో తిరిగొచ్చాను. రాగానే బాలేష్‌ను కూర్చోబెట్టి మస్కట్ సంగతి చెప్పాను. అక్కడ మా మాలిక్‌ను నేను ఒక్కసారి కూడా చూడలేదు. దెబ్బ తగిలిన రోజు ఫోర్‌మెన్ నన్ను బండిలో వేసుకుపోయి దవాఖానా గేటు దగ్గర దించి, సైటుకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు. నొప్పి ఉందా అని ఒక్కడు అడగలేదు. గాయం మానాక ఒక డాక్టర్ల కమిటీ నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత శాతం పోయిందని తేల్చింది. కంపెనీ కట్టిన బీమా నుంచి దానికి తగ్గ పైసలొచ్చాయి. తప్పు నాదా, మిషన్‌దా అన్న పంచాయతీ పెట్టలేదు. పైసలిచ్చిన వారమే వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు, అది వేరే సంగతి. చెయ్యి ఊపడానికి కూడా ఎవరూ రాలేదు.

"నన్ను ఎవ్వడు అడగలే, పైసలిచ్చిండ్రు. నిన్ను రోజు అడుగుతుండు, పైసలిస్తలేడు. గిది నీకు సమజైతాందా" అన్నాను.

బాలేష్ నా వైపు జాలిగా చూశాడు. "ఒక్కలన్న అడగలేదా అన్నా" అన్నాడు. అతని బాధంతా నా గురించే.

మేడ్చల్ బస్టాండు పక్క హోటల్లో ఈ విషయం మీద పెద్ద సభే జరిగింది. సింగపూర్ వెళ్లొచ్చిన తాపీమేస్త్రీ ఒకడు, పక్క ఫ్యాక్టరీలో మిషన్ బిగించడానికి వచ్చిన జర్మనీ ఇంజనీర్ల వెంట తిరిగిన ఎలక్ట్రీషియన్ ఒకడు, నేను. మాకు చాయ్ బిల్లు బాలేష్ కట్టాలని ముందే ఒప్పందం. మేం చెప్పేది అతని మంచి కోసమే కదా.

"సింగపూర్ల తప్పెవలదని అడగరు. పనిల దెబ్బ తాకితే పైసలియ్యాలె, గంతే. రెస్టు తీసుకున్న దినాలకు గూడ జీతమిస్తరు" అన్నాడు మేస్త్రీ.

"జర్మనీల ఇంకో తీరు" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆడ మాలిక్ మీద కేసెయ్యనీకె లేదంట. మాలిక్‌లందరు ఒక సంఘానికి చందా కడ్తరు. దవఖాన ఖర్చు గా సంఘమే పెడ్తది, పింఛనిస్తది, పాత పని చేతగాకుంటె ఇంకో పని నేర్పిస్తది."

"కేసెయ్యరాదంటె మరి మాలిక్‌ను తిట్టుడెట్ల" అని హోటల్ యజమాని పొయ్యి దగ్గర నుంచి అడిగాడు. ఆయనకు అదే పెద్ద లోటుగా కనిపించింది.

అందరూ నవ్వారు. బాలేష్ నవ్వలేదు. "గా దేశాలల్ల చెయ్యెట్లుందని అడిగెటోళ్లు ఉంటరా" అన్నాడు. ఇక ఏ దేశం గురించి చెప్పినా లాభం లేదని మాకు అర్థమైంది. చాయ్ పైసలు మాత్రం అతనే కట్టాడు.

కానీ అండాలు అలా ఊరుకునే మనిషి కాదు. సగం జీతంతో ఇల్లు గడవడం లేదు. వాచ్‌మెన్ పని మల్లేశం దయ ఉన్నన్నాళ్లే. ఆమె మనసులో ఒక పిండి గిర్ని ఉంది. శామీర్‌పేటలో వాళ్ల సందులో గిర్ని లేదు. మరాడించే పని మూడు వేళ్ల చెయ్యితో కూడా చేసుకోవచ్చు. పరిహారం వస్తే గిర్ని, రాకపోతే జీవితాంతం గేటు. ఆమె నా జీపులో ముందు సీటులో కూర్చునే వకీలు కామేశ్వరి మేడంను పట్టుకొని అంతా చెప్పింది.

కామేశ్వరి మేడం మేడ్చల్ కోర్టుకు రోజూ నా బండిలోనే పోతుంది. "మన దేశంలో కూడా చట్టం ఉందమ్మా, ఇంగ్లీషోళ్ల కాలం నుంచే ఉంది" అంది. "తప్పు యజమానిదని చూపించనక్కర్లేదు. ఏ వేలు పోతే ఎంత శాతమో పట్టీలో రాసే ఉంది. రెండే చిక్కులు. దెబ్బ తగిలిన రెండేళ్ల లోపల దరఖాస్తు పడాలి. ఇతను వాళ్ల పనివాడని రుజువు కావాలి." అప్పుడు నా వైపు తిరిగింది. "మీకు మస్కట్‌లో కార్డు ఉంది కదా. ఈయనకు ఏముంది?"

"ఆపిల్ తొక్కలున్నయి మేడం" అన్నాను. ఆమె నవ్వింది గాని, చిక్కు చిక్కులాగే ఉంది.

మొదట నోటీసు పంపించాం. బాలేష్‌తో సంతకం చేయించడానికి అండాలు ఒక పూట అన్నం మానేయాల్సి వచ్చింది. రిజిస్టరు పోస్టులో పోయిన నోటీసును మల్లేశం చేతిలో పట్టుకొని, ఇంకో చేతిలో ఆపిల్ పండ్ల సంచీతో, ఆ ఆదివారమే బాలేష్ ఇంటికొచ్చాడు. నులకమంచం మీద కూర్చొని చెమట తుడుచుకున్నాడు. "తమ్మీ, ఇంగ్లీషుల ఏదో కాయిదమొచ్చింది. నేను అద్దాలు మర్చిపోయొచ్చిన. నువ్వు జర సదివి చెప్పు, ఏమున్నదో" అన్నాడు. బాలేష్ చదువు ఏడో తరగతి. ఆ కాగితంలో తన పేరు ఒక్కటే అతను పోల్చుకోగలిగాడు. సిగ్గుతో చచ్చిపోయి దాన్ని ముక్కలు ముక్కలుగా చించేశాడు. "పోరలు ఎవలో తమాష చేసిండ్రు మల్లన్నా" అన్నాడు. మల్లేశం అతని భుజం తట్టి, "నాకు తెల్వదా తమ్మీ, నువ్వెందుకు పంపుతవ్" అని చాయ్ తాగి పోయాడు. అండాలు ఆ ఆపిల్ పండ్లను మా ఇంటికి పంపించేసింది. నేను తిన్నాను, పండ్లేం తప్పు చేశాయి.

మొహమాటం అనేది ఎంత పెద్ద జబ్బో నాకు అప్పుడు తెలిసొచ్చింది. పెరుగన్నం తినిపించిన మనిషి మీద కేసు ఎలా వేస్తామని బాలేష్ మొత్తుకున్నాడు. అయితే ముందు ఆ చుట్టరికం చెడాలి కదా అని నేననుకున్నాను. తగువు పెట్టుకుంటే చెడుతుంది. పోయి షెడ్డు గేటు ముందు నిలబడి నాలుగు కూతలు కూశాను. మల్లేశం లోపలి నుంచి కుర్చీ తెప్పించాడు, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. "ఎండల నిలబడి ఒర్రకు రవీందర్, గొంతు పోతది" అని నా చెయ్యి కూడా పట్టుకొని చూసి, "పాపం, ఒకటిన్నర పోయినయా" అన్నాడు. నేను బిస్కెట్లు తిని ఇంటికొచ్చాను. బోనాలకు అతన్ని పిలవొద్దని మా అత్త గట్టిగా చెప్పింది. పిలవలేదు. పిలవకుండానే యాటపిల్లను తోలుకొచ్చి వాకిట్లో కట్టేసి, "అత్తమ్మా, నా తమ్ముని ఇంటి పండుగకు నన్ను పిలుసుడేంది" అన్నాడు. ఆమె కూరలో ఉప్పు వేయకుండా వడ్డించింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

అతను నిజంగా మంచివాడా, రెండేళ్లు గడిచేదాకా మంచితనాన్ని సాగదీస్తున్నాడా అని నేను చాలా ఆలోచించాను. రెండూ అయ్యుండొచ్చు. అలాంటివాడితో వేగడం మరీ కష్టం. మస్కట్ మాలిక్‌తో నాకు ఆ బాధ లేదు.

అంతలో తొంభై తొమ్మిది ఎండాకాలంలో మల్లేశం తండ్రి కుర్మయ్య పోయాడు. గడువుకు ఇంకో రెండు మూడు నెలలు మిగిలి ఉంది.

కుర్మయ్య తాత తుంటి విరిగి మంచంలో పడ్డప్పటి నుంచి మల్లేశం బాలేష్‌ను మధ్యాహ్నం పూట ఇంటికి పంపేవాడు. పనోణ్ని పంపితే బాగుండదు, తమ్ముడైతే ఏ ఇబ్బందీ లేదు. బాలేష్ ఆ ముసలాయనకు స్నానం చేయించేవాడు, గడ్డం గీసేవాడు, బీడీ ముట్టించి నోట్లో పెట్టేవాడు. ఆయన నోరు మహా చెడ్డది. కొడుకును, కోడలిని, డాక్టరును వరస పెట్టి తిట్టేవాడు. బాలేష్‌ను మాత్రం "చిన్నోడా" అనేవాడు, మూడు వేళ్ల చెయ్యితో కత్తి పట్టినా గడ్డం ముందుకు చాపి కళ్లు మూసుకునేవాడు. ఇంత నమ్మకం తన సొంత తండ్రికి కూడా లేదని బాలేష్ నాతో చెప్పాడు. తాత పోయిన రోజు అతను పాడె ఒక కొమ్ము మోశాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. దినాల నాడు తాను కూడా గుండు చేయించుకుంటానన్నాడు.

పాలోళ్లు గుండు చేయించుకోవడం ఉన్నదే కనుక ఎవరూ ఏమనలేదు. మా అత్త సుక్కమ్మ ఒక్కతే చాలాసేపు వక్క నములుతూ కూర్చుంది. మర్నాడు నా దగ్గరికొచ్చింది.

"కొడుకా, జీపు తియ్యి. మేడ్చల్ల ధోతి, కండువ కొనాలె."

"ఎవలకత్తా?"

"చిన్నల్లునికి. తండ్రి పోయిండు గద. బట్టలు నేను పెట్టకుంటె ఎవలు పెడ్తరు?"

తండ్రి పోయిన కొడుక్కి దినాల నాడు అత్తగారింటివాళ్లు కొత్త బట్టలు పెట్టాలి. గుండుతో, స్నానం చేసిన ఒంటితో పీట మీద కూర్చొని నలుగురి ముందు ఆ బట్టలు తీసుకుంటే, వీడు పోయినాయన కొడుకని ఊరంతా ఒప్పుకున్నట్టే. పాలోళ్లకు గుండు ఉంటుంది గాని, బట్టలు పెట్టేది కొడుకులకే. ఇది తెలియనివాళ్లు మాలో ఉండరు.

"అత్తా, గాయన కుర్మయ్య కొడుకెట్లయితడు" అన్నాను.

"మల్లేశమే జెప్పిండు గద, సర్కారు ఆఫీసరు ముంగట. నేనేమన్న కొత్తగ జెప్తున్ననా" అంది, ఎర్రటి పళ్లతో నవ్వుతూ. బాలేష్‌కు మాత్రం చెప్పొద్దంది. నేను ఆమెకు అల్లుడినైనందుకు ఆ ఒక్క రోజు గర్వపడ్డాను.

దినాలు అత్వెల్లిలో వాళ్ల పొలంలో బోరుబావి దగ్గర పెట్టారు. టెంటు వేశారు. ఊరివాళ్లు, చుట్టాలు, షెడ్డులో తొమ్మిది మంది పనివాళ్లు అందరూ వచ్చారు. మల్లేశం గుండు పూర్తికాగానే బాలేష్ వెళ్లి మంగలి ముందు తలవంచి కూర్చున్నాడు. మల్లేశానికి చాలా ముచ్చటేసింది. "చూసిండ్రా, నా తమ్ముడు. అడగకుంటనే అచ్చి కూసున్నడు. మా నాయినకు రెండో కొడుకంటె గిట్లుండాలె" అని సర్పంచికి, ఊరి పెద్దలకు వినిపించేలా అన్నాడు. వాళ్లు తలలూపారు. నేను మా అత్త వైపు చూశాను. ఆమె ఆకాశం వైపు చూస్తోంది.

ఇద్దరూ బోరు కింద స్నానం చేసొచ్చారు. మల్లేశం పీట మీద కూర్చుంటే అతని మామ వచ్చి బొట్టు పెట్టి, భుజం మీద కొత్త ధోతి, కండువా వేశాడు. అప్పుడు మా అత్త లేచింది. చంకలో మూట, చేతిలో ఇంకో పీట. ఆ పీటను మల్లేశం పీట పక్కన ఆనించి వేసింది. "దా బిడ్డా, కూసో. మంచిగ కూసో" అని బాలేష్‌ను రెక్క పట్టుకొని కూర్చోబెట్టింది. పోయిన తాతే కూర్చోమన్నట్టు అతను మెదలకుండా కూర్చున్నాడు. ఆమె బొట్టు పెట్టి, ధోతి మడత విప్పి అతని భుజాన వేసింది.

టెంటు కింద తలలన్నీ ఇటు తిరిగాయి.

"గిదేంది" అన్నాడు ఒక పెద్దాయన.

"పెద్దోనికి పెట్టిరి, చిన్నోనికి పెట్టొద్దా" అంది మా అత్త.

ఇక్కడ మాకు మేం పిలవని సాయం దొరికింది. మల్లేశం పెద్దక్క మొగుడు యాదయ్య ముందు వరసలో కూర్చొని ఉన్నాడు. ఆడబిడ్డలకూ భూమిలో హక్కుందని, తన పెళ్లాం పాలు తేల్చమని ఆయన ఎప్పటి నుంచో బామ్మర్దిని సతాయిస్తున్నాడు. రోడ్డు మీది భూముల ధరలు లేస్తున్న రోజులు. ఆయన గొంతు సవరించుకొని నింపాదిగా అడిగాడు. "మంచి మాటే బామ్మర్ది. మామకు ఇద్దరు కొడుకులని నువ్వే జెప్పవట్టె, గుండయింది, బట్టలయినయి. మరి రోడ్డు మీది భూమి ఇగ ఎన్ని పాళ్లు చెయ్యాలె?"

ఏడాదికి పైగా మేమెవరం చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. మల్లేశం ముఖంలో నవ్వు పోయింది. పీట మీద నుంచి లేచాడు, కండువా జారిపోయింది.

"ఎవని పాలు? ఎవలు కొడుకు? గాడు నాకు తమ్ముడేంది. నా షెడ్ల పనిజేసెటోడు గాడు. కూలోడు."

"ఎన్నేండ్ల సంది జేస్తుండన్నా" అని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"ఐదేండ్ల సంది. నెల నెల జీతమిస్తున్న, ఊకెనే గాదు. గీ తొమ్మిది మందిని అడుగు."

"మరి వేళ్లు?" అంది మా అత్త.

"నా ప్రెస్సు మీదనే పోయినయి. లేవంటున్ననా? నేనే దవఖానల ఏసిన, ఖర్చంత నేనే పెట్టిన. ఇంకేం గావాలె మీకు?"

"ఇంకేమొద్దు బిడ్డా" అంది మా అత్త, మూట బట్టను మడతపెట్టుకుంటూ. "గిదే గావాలె."

సర్పంచి విన్నాడు, పెద్దలు విన్నారు, యాదయ్య అందరికంటే బాగా విన్నాడు. తాను అన్నదేమిటో మల్లేశానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాకు నవ్వు ఆగడం లేదు. ఆ నవ్వుతోనే బాలేష్ వైపు తిరిగాను.

అతను ఇంకా పీట మీదే ఉన్నాడు. కొత్త ధోతిని భుజం మీద నుంచి తీసి, నేల తగలకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు, నీళ్లు మాత్రం గడ్డం దాకా కారుతున్నాయి. "కూలోడు" అన్న మాట మేమంతా రుజువని విన్నాం, అతను మాత్రం మాటగానే విన్నాడు.

భోజనానికి ఆగకుండా జీపు ఎక్కాడు. జీపు శామీర్‌పేట చెరువు కట్ట మీదికి వచ్చింది. అక్కడ అతనే అన్నాడు. "తాత పోయిండని గుండు కొట్టించుకున్న. మీరు దాన్ని గిట్ల వాడుకుంటిరా అన్నా."

నేను గేరు మార్చాను. వెనుక సీటులోంచి అండాలే చెప్పింది. "గా మాట మేమన్నమా? గాయననే అనె. నువ్వు తమ్మునివనుకున్నవు, గాయన జీతమిచ్చి అడుగుతుండె నీ చెయ్యెట్లుందని." ఆమె కూడా ఏడుస్తోందని గొంతులో తెలిసింది.

బాలేష్ పది రోజులు నాతో మాట్లాడలేదు, మా అత్త పెట్టిన అన్నం తినలేదు. గేటు దగ్గరికీ పోలేదు. తర్వాత ఒక పొద్దున్నే తనే జీపులో ముందు సీటు ఎక్కి, కామేశ్వరి మేడం పక్కన కూర్చొని, "ఎక్కడ సంతకం పెట్టాలె మేడం" అన్నాడు. గడువు లోపలే దరఖాస్తు పడింది.

కేసు పట్నంలో లేబర్ ఆఫీసులో నడిచింది. మల్లేశం వకీలు పాత పాటే ఎత్తుకున్నాడు. వీళ్లు పాలోళ్లు, అన్నదమ్ముల్లాంటివాళ్లు, ఇంటి మనిషిగా అప్పుడప్పుడు సాయపడేవాడే తప్ప పనివాడు కాదు అన్నాడు. యాదయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి, దినాల నాడు విన్నదంతా పొల్లుపోకుండా చెప్పాడు. సర్పంచి కూడా తప్పనిసరై చెప్పాడు. ఆఫీసరు అంతా విని, కళ్లద్దాలు తీసి, బాలేష్‌ను లేచి నిలబడమన్నాడు.

"వాళ్లంత ఒక తీరు చెప్తున్నరు, వీళ్లంత ఒక తీరు చెప్తున్నరు. నువ్వు చెప్పు. ఈయన నీకేమైతడు?"

ఎదురుగా మల్లేశం కూర్చొని ఉన్నాడు. ఆ రోజు అతను తిట్టలేదు, కోపంగా చూడలేదు. ఎప్పటిలాగే బాలేష్ చేతి వైపు చూస్తున్నాడు. పొద్దున కారు దిగగానే చూసినట్టే. అలవాటో, ప్రేమో, వకీలు నేర్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. బాలేష్ ఆ చెయ్యిని వెనక్కి పెట్టుకున్నాడు. కామేశ్వరి మేడం కలం కదపడం మానేసింది. ఇంతా చేసి ఇప్పుడు "అన్నయితడు సార్" అంటాడేమోనని భయపడ్డాను.

"ఏం గాడు సార్" అన్నాడు బాలేష్. "పనిచ్చిండు, పనిజేసిన."

మల్లేశం తల దించుకున్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

తీర్పు వచ్చింది, నాకు వచ్చినదాంట్లో సగం కూడా కాదు గాని పైసలూ వచ్చాయి. శామీర్‌పేటలో గిర్ని తిరుగుతోంది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు ఆఫీసు మెట్లు దిగి కిందికి వచ్చాక నేను బాలేష్‌కు చాయ్ తాగిస్తానన్నాను, వద్దన్నాడు. జీపు దాకా నడిచి, ఎక్కకుండా నిలబడ్డాడు.

"మస్కట్ల నిన్నెవలన్న గిట్ల అడిగిండ్రా అన్నా, మాలిక్ నీకేమైతడని?"

"ఎవలు అడగలే" అన్నాను. "గాయనను నేను సూడనే లేదు గద."

"మంచిగయింది" అన్నాడు బాలేష్, వెనుక సీటులోకి ఎక్కుతూ.